బ్యాంకు తాళం వేసిన మిరపకాయలు

పొదిలి,
12 ఫిబ్రవరి 1985.

కరీమున్‌కు జయకుమారి వందనాలు.

ఒసే, మంచిచెడ్డలు తరవాత అడుగుతాను. నిన్న మూడో పీరియడ్‌లో పోస్ట్‌మాన్ నేరుగా క్లాసులోకి వచ్చి రిజిస్టరు కవరు చేతిలో పెట్టాడు. మీ గుంటూరు బ్యాంకు లాయరు నోటీసు. మీ ఆయన మిరప్పొడి కంపెనీ బాకీ వడ్డీతో కలిపి లక్షా ఎనభై మూడు వేలట. అది పదిహేను రోజుల్లో నేను కట్టాలట. కట్టకపోతే నా జీతం మీదా, నా ఇంటి మీదా దావా వేస్తారట. పిల్లలందరి ముందూ చదువుకున్నాను. ఆ తరవాత పాఠం ఏం చెప్పానో నాకే తెలియదు.

నాకు గుర్తున్నది రాస్తాను, తప్పయితే దిద్దు. 1981లో హయాత్ గారూ నువ్వూ కారేసుకుని మా బడికి వచ్చారు. కంపెనీకి బ్యాంకు లోను ఇస్తోంది, జీతం వచ్చే మనిషి ఒకరు షూరిటీ కావాలి అన్నారు. మా టీచర్లకు షూరిటీ ఒక లెక్కా? మా సొసైటీలో నెలకొకరికి పెడతాం. ఇవాళ నేను నీకు, రేపు నువ్వు నాకు. వాయిదాలు తీరగానే ఆ కాగితం చించేస్తారు. ఇదీ అంతేననుకుని, చాక్‌పీసు చేతులు చీరకు తుడుచుకుని, మీ కారు బానెట్ మీద పెట్టి సంతకం చేసిచ్చాను. ఏడాది తిరగకుండానే ఆ అప్పు తీరిపోయిందని నువ్వే రాశావు. ఖర్జూరాలు కూడా పంపావు. తీరిన అప్పుకు ఇప్పుడు నోటీసేమిటి?

ఆ రెండు గదుల డాబా ఎలా కట్టానో ట్రైనింగు నాటి స్నేహితురాలివి, నీకు చెప్పాలా? మా ఆయన జక్రయ్య చర్చిలో ఉపదేశిగా తెచ్చేది బియ్యానికే సరి. పదకొండేళ్ళ నా జీతం ఆ గోడల్లో ఉంది. వెంటనే జవాబు రాయి. హయాత్ గారి చేత కాదు, నువ్వు రాయి.

జయ

గుంటూరు,
24 ఫిబ్రవరి 1985.

జయా,

అల్లా దయ వల్ల మేం బాగానే ఉన్నాం. నీ ఉత్తరం చూశాక అన్నం సయించలేదు. మా వారికి చూపిస్తే నవ్వారు. బ్యాంకు వాళ్ళు భయపెట్టడానికి అందరికీ ఇలాంటివి పంపుతారట, ఆయనకూ వచ్చిందట. ఆడవాళ్ళు కంగారు పడతారనే నాకు చెప్పలేదట.

పాత అప్పు తీరిన మాట నిజమే. 83లో మళ్ళీ తీసుకున్నారు. అప్పుకు పూచీగా ఐదొందల బస్తాల ఎండుకాయ గోడౌన్‌లో పెట్టి బ్యాంకు వాళ్ళే తాళం వేసుకున్నారు. డబ్బు కట్టినకొద్దీ బస్తాలు విడిపించుకోవాలి. కిందటి వేసవిలో తాళం తీసి చూస్తే లోపల అంతా తాలు, తెల్లబోయిన కాయ. వేలం వేస్తే పదకొండు వేలు కూడా రాలేదట. ఎలా జరిగిందో మా వారికే అంతుపట్టడం లేదు. మా మరిది సిలార్ చేసిన పనేమోనని అనుమానం. వాడిప్పుడు ఎక్కడున్నాడో కూడా తెలియదు.

నువ్వు దిగులు పడకు. బ్యాంకు మేనేజరు రెండేళ్ళు గడువు ఇస్తానన్నాడట. దానికి హామీ ఉన్నవాళ్ళు ఒప్పుకోవాలట. ఇందులో ఒక కాగితం పెడుతున్నాను, పెన్సిలుతో గుర్తు పెట్టిన చోట సంతకం చేసి తిరుగు టపాలో పంపు. ఆలస్యం చేయకు. జక్రయ్య గారికి సలాం చెప్పు.

నీ కరీమున్

పొదిలి,
10 మార్చి 1985.

కరీమున్‌కు,

సంతకం చేయలేదు. కాగితం నా దగ్గరే ఉంది.

ఇంగ్లీషులో ఉంటే నాకు సగమే అర్థమయింది. ఒంగోలు వెళ్ళి యలమందయ్య గారనే లాయరుకు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, ఇది మీకెవరిచ్చారమ్మా అన్నాడు. స్నేహితురాలు అన్నాను. అదోలా చూశాడు. ఆ చూపుకు నాకు సిగ్గేసింది కరీమూ.

అందులో గడువు మాటే లేదు. తాళం వేసిన నాడే బస్తాల్లో ఉన్నది తాలు అని నాకు తెలుసట, సరుకు గురించి బ్యాంకు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదట. నేను ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది. మిరపకాయకూ తాలుకూ నాకు తేడా తెలిసేది పచ్చడి పెట్టేటప్పుడే. నాకెలా తెలుసు? ఎందుకు తెలియాలి?

ఆయన చెప్పింది నాకర్థమయినట్టు రాస్తాను. 81లో నేను సంతకం పెట్టింది ఒక్క అప్పుకు కాదు. ఆ కంపెనీ బ్యాంకులో చేసిన, చేయబోయే అప్పులన్నింటికీ. మా సొసైటీ ఫారం లాంటిదే అనుకోవడం నా బుద్ధితక్కువ. పైగా బ్యాంకు ముందు కంపెనీని అడగనక్కర్లేదు, ఎవరి దగ్గర తేలిగ్గా వస్తుందో వాళ్ళ దగ్గరికి రావచ్చు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనడానికి చట్టంలో చోటు లేదు.

నేను బయటపడే దారి ఒక్కటే ఉందట. తాళం వేసిన నాడు బస్తాల్లో ఎర్రకాయ ఉండి, బ్యాంకు తాళం ఉండగానే అది బయటికి పోయి ఉంటే, పూచీ పెట్టిన సరుకును పోగొట్టుకున్నది బ్యాంకు. ఆ సరుకు విలువ మేరకు నా మీద బాకీ పోతుంది. మొదటి రోజు నుంచీ తాలే ఉంటే మాత్రం బ్యాంకూ మోసపోయింది, నా ఇల్లు పోతుంది.

ఒకే ఒక్క ప్రశ్న. తాలు ఎప్పుడు వచ్చింది, తాళానికి ముందా, తరవాతా? ఆ కాగితంలో ఏముందో తెలిసే పంపావా?

జయకుమారి

గుంటూరు,
2 ఏప్రిల్ 1985.

జయా,

ఇరవై ఏళ్ళ స్నేహానికి మంచి మాటే అన్నావు. ట్రైనింగులో నీకు టైఫాయిడ్ వస్తే నెల రోజులు గంజి కాచి పోసిన చేతులే ఆ కాగితం కవర్లో పెట్టాయి. మా వారు ఇచ్చారు, నేను పెట్టాను. నాకు ఇంగ్లీషు నీకంటే ఎక్కువ వచ్చా?

గోడౌన్ సంగతులు నన్నడిగితే ఏం చెప్పను? అది మిర్చి యార్డు అవతల ఎక్కడో ఉంది. ఆ గుమ్మం నేనెప్పుడూ తొక్కలేదు. మగవాళ్ళ వ్యాపారంలో మా ఇంట్లో ఆడవాళ్ళు వేలు పెట్టరు. ఎర్రకాయో తెల్లకాయో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు పక్కన కూర్చుని మాట్లాడినట్టు లేదు, లాయరు నిలబడి అడిగినట్టుంది. నా ఉత్తరాలు కూడా ఆయనకు చూపిస్తున్నావా? నిజం చెప్పు. చూపించేట్టయితే ఇక నేను రాసేది ఉప్పూ పప్పూ సంగతులే.

కరీమున్

పొదిలి,
20 జూలై 1985.

కరీమున్ గారికి,

సమన్లు వచ్చాయి. గుంటూరు సబ్ కోర్టులో దావా. మొదటి ప్రతివాది కంపెనీ, రెండో ప్రతివాది మీ వారు, మూడో ప్రతివాది నేను. మీ ఉత్తరాలు చూపిస్తున్నానా అని అడిగారు. చూపిస్తున్నాను. ప్రతి ఒక్కటీ తేదీ వేసి దాస్తున్నాను. ఇది కూడా నకలు రాసుకునే పంపుతున్నాను.

మా అయిదో తరగతిలో ఒక పిల్ల తల్లి పున్నమ్మ. ఈ మెట్ట ఊళ్ళ నుంచి ఏటా మీ గుంటూరుకు కాయలు ఏరే కూలికి వెళ్ళే గుంపులో మనిషి. మొన్న స్కాలర్‌షిప్ కాగితానికి వేలిముద్ర వేయడానికి బడికి వచ్చింది. మాటల్లో మీ కంపెనీ పేరు చెబితే, ఆ కొట్టు నాకెందుకు తెలవదు అంది. బయట బ్యాంకు బోర్డు వేలాడుతుంటే లోపల పది రోజులు పనిచేశారట, 83 వినాయక చవితి ముందు. తాళం తీసిన బ్యాంకు మనిషి స్టూలు మీద కూర్చుని వీళ్ళను చూస్తూ ఉండేవాడట. ఎర్రకాయ బస్తాలు లారీ ఎక్కాయి, వాటి చోట తాలు బస్తాలు కుట్టి పెట్టారు. బయటి వరసలో మాత్రం మంచి కాయ ఉంచారు.

దానికి అంత బాగా ఎందుకు గుర్తుందంటే, సాయంత్రం కూలితో పాటు ఒడిలో దోసెడు కాయలు పోసి పంపడం మీ వైపు వాడుకట. ఆ పది రోజులూ కూలి రెట్టింపు ఇచ్చారు, కాయ ఒక్కటీ ఇవ్వలేదు. ఒళ్ళు తడిమి మరీ పంపారట.

“తడిమింది ఎవరే?” అని అడిగాను.

“కళ్ళజోడు సాయిబులమ్మండీ. చెడ్డది కాదు పంతులమ్మా, చేతులు మండుతున్నాయంటే మాకు కొబ్బరినూనె పోసింది. మెడ మీద ఇంత పుట్టుమచ్చ” అంది.

ట్రైనింగు హాస్టల్లో మీకు జడ వేసింది నేను. ఆ మచ్చ ఏ మెడ మీద ఉందో నాకొకరు చెప్పాలా? గుమ్మం తొక్కలేదన్నారు కదా. నేనిక అడగను. మీరే చెప్పండి.

ఎం. జయకుమారి

గుంటూరు,
9 ఆగస్టు 1985.

జయా,

నీ ఉత్తరం మా అత్తగారి చేతిలో పడింది. ఆమెకు చదువు రాదు కాబట్టి బతికాను. ఇకనుంచి రాస్తే పక్కింటి సుబ్బరావమ్మ గారి పేర రాయి, ఆవిడ ఇస్తుంది.

పున్నమ్మ చెప్పినదానికి అవుననీ రాయను, కాదనీ రాయను. నన్ను మీరు అనకు.

కరీమున్

గుంటూరు,
14 నవంబర్ 1985.

జయా,

మూడు నెలలు నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. ఇది నీ లాయరుకు చూపించడానికే రాస్తున్నాను. తేదీ వేసి దాచు.

తాళం తరవాతే. 83 ఏప్రిల్‌లో బ్యాంకు వాళ్ళు తాళం వేసిన నాడు ఐదొందల బస్తాల్లోనూ ఎర్రకాయే ఉంది. ఆగస్టులో ధర పెరిగింది. సిలార్ ఒక బేరం తెచ్చాడు. అమ్మేసి, డబ్బు రాగానే కొత్త కాయ కొని నింపేద్దాం అన్నారు అన్నదమ్ములిద్దరూ. బ్యాంకు తాళంచెవి మనిషికి ఏం ఇచ్చారో నాకు తెలియదు, ఇచ్చారని తెలుసు. కూలివాళ్ళు బయట నోరు విప్పకుండా చూడడానికి ఇంటి మనిషి కావాలన్నారు. అలా నేను పది రోజులు ఆ గోడౌన్‌లో కూర్చున్నాను. ఆడకూలీల ఒళ్ళు తడిమింది నేనే. ఒక ముసలామె ఏడ్చింది. డబ్బు సిలార్ పట్టుకుపోయాడు, కొత్త కాయ రాలేదు. నీకు పంపిన కాగితంలో ఏముందో కూడా నాకు తెలుసు. మా వారూ బ్యాంకు మనిషీ కలిసి రాయించుకున్నారు, ఇద్దరి మెడలూ తప్పించుకోవడానికి.

ఇంకొకటి ఉంది. అది నీకెవరూ చెప్పలేరు. 81లో షూరిటీకి జీతగాళ్ళెవరున్నారని మా వారు తల పట్టుకుంటే, జయ ఉందిగా, అడిగితే చదవకుండా పెడుతుంది అన్నది నేను. ఆ మాట అన్నప్పుడు గొప్పగా కూడా అనిపించింది, నా స్నేహితురాలు అలాంటిదని.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటావు. కిందటి వారం మా వారు అన్నం తింటూ చెప్పారు. మా ఇల్లు అత్తగారి పేర మార్చారు, కారు బావమరిది పేర ఉంది, మిషన్లు ఎప్పుడో పోయాయి. అందరి ఆస్తులూ ఎవరి పేర్లనో ఉన్నాయి. నీ ఇల్లు ఒక్కటే నీ పేరున ఉంది. అది వేలానికి వస్తే పొదిలిలో మనవాళ్ళ చేత పాడిద్దాం, చవగ్గా వస్తుంది అన్నారు. పెరుగు వేయమని చెయ్యి చాపారు. నేను వేశాను కూడా. వేసి లోపలికి వెళ్ళి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. వారం పట్టింది.

కరీమున్

పొదిలి,
1 డిసెంబర్ 1985.

కరీమున్‌కు,

మీరు అనాలో నువ్వు అనాలో తేల్చుకోలేక కలం పట్టుకుని కూర్చున్నాను. నువ్వనే రాస్తాను, చెయ్యి అలవాటు పడిపోయింది.

నీ ఉత్తరం మొదటిసారి చదివి ఏడ్చాను. రెండోసారి చదివి నిన్ను తిట్టాను. చదవకుండా పెడుతుందన్నావు చూడు, అది నిజం కాబట్టే అంత మండింది. మూడోసారి చదివాక అనుమానం వచ్చింది. మొన్నటిదాకా గుమ్మం తొక్కలేదన్న మనిషి ఇప్పుడింత వివరంగా రాస్తే, ఇందులో ఇంకేం కాగితం దాగి ఉందోనని కవరు తిరగేసి చూశాను. నన్ను అలా తయారుచేశావు.

లాయరు గారు చదివి లేచి నిలబడ్డాడు. కానీ ఉత్తరం ఒక్కటీ చాలదట. ఎవరో రాసిందంటారు, దొంగ ఉత్తరమంటారు. రాసిన మనిషి బోనెక్కి, బ్యాంకు లాయరు అడిగినదానికల్లా జవాబు చెప్పాలి. మీ ఆయన ఎదురుగా ఉంటాడు. ఆ తరవాత ఆయన మీద పోలీసు కేసు పడుతుంది, అది కూడా నీకు తెలియాలి. రమ్మని బతిమాలను. రాకపోతే నా ఇల్లు పోతుందని మాత్రం నీకు తెలుసు.

జయ

గుంటూరు,
13 డిసెంబర్ 1985.

జయా,

ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ హాలు? అంతవరకే రాయి. వస్తావా వస్తావా అని మళ్ళీ అడగకు. అడిగినకొద్దీ భయం పెరుగుతోంది.

కరీమున్

కొత్తపట్నం,
12 జూన్ 1986.

జయా,

తీర్పు సంగతి సుబ్బరావమ్మ గారు చెప్పి పంపింది. పోయిన సరుకు విలువ బాకీకి సరిపోతుందని నీ మీద దావా కొట్టేశారట, కంపెనీ మీదా మా వారి మీదా డిక్రీ ఇచ్చారట. విన్నాక రెండు రకాతులు నమాజు చేశాను. ఒకటి సంతోషానికి, ఒకటి దుఃఖానికి. ఏది దేనికో అడగకు.

కోర్టు నుంచి ఇంటికి వెళ్ళేసరికి నా ట్రంకుపెట్టె వసారాలో ఉంది. అత్తగారు తలుపు తీయలేదు. అప్పటి నుంచీ ఇక్కడ మా అక్క జానీబీ ఇంట్లో ఉన్నాను. బావ చేపల బుట్టలు వేలానికి పంపుతాడు, నేను లెక్క రాసిపెడతాను. తిండికి లోటు లేదు. మా వారు ఊళ్ళో లేరు, హైదరాబాదన్నారు, బొంబాయన్నారు.

నిన్న గుంటూరు నుంచి కానిస్టేబులు వచ్చాడు. సరుకు మార్చిన కేసులో నా పేరు కూడా ఉందట. నేనే దగ్గరుండి ఏరించానని ఎవరో మార్చిలోనే కాగితం పెట్టారట. ఆ బ్యాంకు తాళంచెవి వాడే పెట్టి ఉంటాడు, నేను సాక్ష్యం చెబుతానని తెలిసి. ఉప్పు తిన్నదాన్ని నీళ్ళు తాగాలి, రాసింది అబద్ధమేం కాదు. 23న సోమవారం కోర్టులో హాజరు కావాలి. బెయిలుకు ఆస్తి ఉన్న మనిషి జామీను ఉండాలన్నారు. బావకు ఉన్నది పడవలో నాలుగో వంతు, దానికి కాగితాల్లేవు. ఎలాగో చూస్తాం. ఇది నిన్ను అడుగుతున్నట్టు అనుకోకు. ఆ అర్హత నాకు లేదని నాకు తెలుసు. ఊరికే చెప్పుకోవడానికి నాకింకెవరున్నారని రాశాను.

నీ ఇల్లు దక్కింది. అది చాలు.

నీ కరీమున్

పొదిలి,
17 జూన్ 1986.

కరీమూ,

ఆ తాళంచెవి వాడు కాదు. నేను.

మార్చి పదకొండున నీ సాక్ష్యం. పదో తేదీ ఉదయం నేను గుంటూరులో బస్సు దిగి, పోస్టాఫీసు బల్ల మీద కూర్చుని, పోలీసులకు నా చేత్తో మూడు పేజీల ఫిర్యాదు రాసి రిజిస్టరు చేశాను. హయాత్ గారి పేరు, బ్యాంకు మనిషి పేరు, మూడో పేరు నీది. లాయరుకు చెప్పలేదు. మా ఆయనకూ చెప్పలేదు. నువ్వు రావనుకున్నాను. వచ్చినా బోనెక్కి మాట మారుస్తావనుకున్నాను. మార్చితే, నువ్వు కూడా సుఖంగా ఉండకూడదనుకున్నాను. నిజం, అలాగే అనుకున్నాను.

మర్నాడు నువ్వు ఒక్కదానివే వచ్చావు. నేను వెనక బెంచీలో ఉన్నాను, నువ్వు చూడలేదు. బ్యాంకు లాయరు నిన్ను గంటసేపు నిలబెట్టాడు. భర్త మీద పగతో చెబుతున్నారా అన్నాడు. ఈ టీచరు నీకు డబ్బిచ్చిందా అన్నాడు. నువ్వు తల ఎత్తకుండా అన్నిటికీ కాదండీ అన్నావు. చివరికి, “అసలీమె మీకేమవుతుంది?” అని అడిగాడు.

“ఏమీ కాదండీ. నేను మోసం చేసిన మనిషి” అన్నావు.

అప్పటికి నా ఫిర్యాదు ఇంకా ఆ ఊళ్ళోనే ఏదో సంచిలో ఉంటుందనుకున్నాను. లేచి పరిగెత్తి పోస్టాఫీసుకు వెళ్ళాను. ఉదయమే బట్వాడా అయిపోయిందన్నాడు. స్టేషనుకు వెళ్ళి వెనక్కివ్వమని అడిగితే, ఇచ్చిన కాగితం పుచ్చుకోవడమే గానీ తిరిగివ్వడం ఉండదమ్మా అన్నారు. తీర్పు వచ్చేదాకా కదలిక లేకపోతే మరుగున పడిందనుకున్నాను. నీకు చెప్పకుండా మూడు నెలలు ఊరుకున్నాను. దాచడం నీ ఒక్కదానికే వచ్చనుకున్నాను, నాకూ వచ్చు.

నన్ను క్షమించమని అడగను. నేను నిన్ను క్షమించానో లేదో కూడా నాకింకా తెలియదు. నువ్వు పున్నమ్మ వాళ్ళను తడిమింది తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది.

యలమందయ్య గారిని అడిగాను. నువ్వు వాయిదాకు రాకుండా పారిపోతే జామీను ఉన్నవాళ్ళ ఆస్తి మీదికి వస్తారట. తెలిసే నీకు జామీను ఉండడానికి వస్తున్నాను. ఆస్తి విలువకు ఎమ్మార్వో ఆఫీసు సర్టిఫికెట్టు కావాలన్నారు, నిన్ననే తెచ్చుకున్నాను. మా ఆయన ఏమంటాడోనని భయపడ్డాను. ఇంటి కాగితాలు పెట్టెలోంచి తీసి ఆయనే గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

సోమవారం పదింటికల్లా కోర్టు మెట్ల దగ్గర ఉంటాను. నువ్వు ఒంగోలు నుంచి మొదటి బస్సుకే బయలుదేరు.

జయ